మెడలో పాత పొరలు

ఫోన్లు చూసి చూసి ఊరందరి మెడలూ బిగుసుకుపోయిన కాలమది. క్లినిక్కుల్లో యంత్రాలు మెడలోని పాత పొరలు తీసేసి కొత్తగా నేసినవి వేసేవి. కాకినాడలో వైద్య విద్యార్థులకు అనాటమీ చెప్పి రిటైరైన హైమవతి కూడా మర్నాటికి పేరు రాయించుకుంది.

వైద్యం చదువుతున్న మనవరాలు శర్వాణి పక్కన కూర్చుంది. ఆమె పాఠాలన్నీ గాలిలో వెలిగే బొమ్మలే. మనిషిని ముట్టుకుని నేర్చుకున్నది లేదు.

"నా గొంతు మీద ఇక్కడ వేలు పెట్టవే. చర్మం కింద మెడ చుట్టూ దుప్పటిలా ఒక పొర ఉంటుంది. దాని లోపల ఇంకో పొర థైరాయిడ్‌ను గొంతుకు కట్టి ఉంచుతుంది. ఇదిగో, గుటక వేస్తున్నా."

"అమ్మమ్మా, వేలి కింద ఏదో పైకి పాకింది!"

హైమవతికి శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసన, చల్లని బల్లలు, భుజాల మీదుగా తొంగిచూసే పిల్లల ఊపిరి గుర్తొచ్చాయి. ఈ ఆశ్చర్యం విని ఎన్నేళ్లయిందో!

"కొత్త పొరలు ఇలా కదలవట కదా? మా క్లాసులో ఎవరికీ ఇది తెలీదు," అంది శర్వాణి దిగులుగా.

హైమవతి సలుపుతున్న మెడను నిమురుకుంటూ క్లినిక్కుకు ఫోన్ చేసింది.

"రేపు రాలేనండీ. క్లాసుంది."