పదిహేడు కుట్లు

"ముందు నా తమ్ముడికి కుట్లు వెయ్యి. లేదంటే నీ పీక కోస్తా!"

వానకు తడిసి ముద్దయిన ఆ మనిషి నా మెడకు కత్తి ఆనించాడు. సేవ చేద్దామని దేశంకాని దేశం వచ్చిన నర్సుని నేను. మూడు నెలలుగా ఈ పల్లె ఆసుపత్రిలో వానాకాలపు జ్వరాలకు మాత్రలిస్తున్నాను. డాక్టరు వరదకు ఏటి అవతల చిక్కుకుపోయాడు.

బల్ల మీద పడుకోబెట్టిన తమ్ముడికి భుజం ఎముక కనబడేలా తెగింది. రక్తం చూరునీళ్లలా కారుతోంది.

"కత్తి దించు. నా చెయ్యి వణికితే పోయేది నీ తమ్ముడే," అన్నాను, వచ్చీరాని వాళ్ల భాషలో.

దించలేదు. సూది దిగి తమ్ముడు కేక పెట్టినప్పుడల్లా కత్తి నా మెడను గీసింది. పదిహేడు కుట్లూ అలాగే వేశాను. రక్తం ఆగింది. అప్పుడు అతని చేతిలోంచి కత్తి జారిపోయింది.

మెడ తుడుచుకుని రిజిస్టర్ తెరిచాను. "ఎవరు నరికారు?"

"నేనే," అన్నాడు అన్న. "వానకి పొలం గట్టు కొట్టుకుపోయింది. హద్దు దగ్గర మాటామాటా పెరిగింది." గోడకు కూలబడి భోరున ఏడ్చాడు. "వీడు పోతే అమ్మకి ఏ మొహం చూపించేవాణ్ణి అక్కా?"

తమ్ముడు కళ్లు తెరవకుండానే గొణిగాడు.

"బురదలో జారి, కత్తి మీద పడ్డానని రాసుకోండి."