ఎత్తు పెరిగిన పికప్

"నువ్వు బిగించిన పెద్ద టైర్లు బాగానే ఉన్నాయి గానీ, మా ఆవిడకి బండెక్కడమే గండంగా ఉందయ్యా," అన్నాడు పికప్ యజమాని. "ఓ ఫుట్‌బోర్డు వేసెయ్."

మెకానిక్ మొహం మాడ్చుకున్నాడు. మడ్‌గార్డుల అంచులు కాస్త కోసి, ఎక్కడా రాసుకోకుండా పట్టించిన టైర్లవి; పక్కన ఫుట్‌బోర్డు వేలాడితే ఆ అందమంతా పోతుంది.

"కొండెక్కినట్టే ఉంది తమ్ముడూ," అంది యజమాని భార్య. "రోజూ ఈయన దిగొచ్చి చెయ్యందిస్తే గానీ ఎక్కలేను."

ఫుట్‌బోర్డులు చూడ్డానికి భర్త షాపులోకి వెళ్లాడు. ఆమె ఒక్క ఊపులో బండెక్కి, సీటు మీది సంచీ తీసుకుని, చెంగున కిందికి దూకింది. మెకానిక్ నోరెళ్లబెట్టాడు.

"ఏ ఫుట్‌బోర్డూ ఈ బండికి సరిపడదని చెప్పెయ్ తమ్ముడూ," అందామె గొంతు తగ్గించి. "పెళ్లినాడు పట్టుకున్న చెయ్యి ఈయన మళ్లీ పట్టుకుంటున్నది ఈ టైర్లొచ్చాకే."