ధనుస్సు రాశికి కొత్త జోస్యం

"ఎంటర్ నొక్కకు నెలిదా. పదేళ్ల జాతకాలమ్మా అవి," అంటూ నా కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టాడు దొన్ ఎవరిస్తో. మా తుకుమాన్ ఊరి పత్రికలో రాశిఫలాలు రాసేది ఆయనే, కంప్యూటర్లు చూసుకునేది నేను.

"సర్వర్ నిండిపోయింది. చెరిపెయ్యట్లేదు, కుదించి మూట కడుతున్నానంతే."

కమాండ్ ఇచ్చాను. ఎడిటర్ సంపాదకీయాలు సగానికి తగ్గాయి. పెద్దాయన ఫోల్డర్ పిడికెడైంది.

"మిగతావేం చేశావ్?"

"అన్నీ ఉన్నాయి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే ఈ ప్రోగ్రాం ఒక్కసారే రాసుకుంటుంది."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎడిటర్‌కి చెప్తావా?"

"ముందు నా సంగతి తేల్చండి. ధనుస్సుకి 'దూరం నుంచి శుభవార్త' అని ఎన్నిసార్లు రాశారు? రాసినప్పుడల్లా ఎదురుచూశాను."

"నిజంగా చదువుతావా?" అన్నాడు మెల్లగా. "ఎవరూ చదవరనుకున్నా."

మూట భద్రంగా ఉందని చూసుకుని, చోటు కోసం అసలు ఫైళ్లని ఇంకో కమాండ్‌తో తుడిచేశాను.

మర్నాడు ధనుస్సుకి కొత్త వాక్యం పడింది: 'మధ్యాహ్నం వేడి ఎంపనాదాలు తింటారు.' భోజనాల వేళకి, మాంసం కూరిన ఆ కజ్జికాయల్లాంటి వాటి పొట్లంతో ఆయనే వచ్చాడు.

"మరి ఊళ్లో మిగతా ధనుస్సు వాళ్లో?" అన్నాను కొరుకుతూ.

"కింద వీధిలో అమ్ముతున్నారుగా. నమ్మినవాళ్లు కొనుక్కుంటారు."