మనిషి జాడ లేని తీరం

మైపాడు సముద్రం ఒడ్డున కెమెరా మూత పోయింది. పోగొట్టింది గౌరి అని జనార్దన్ అయ్యవారు అక్కడికక్కడే తేల్చేశారు. మూత పెట్టుకున్న జేబు ఆయనదే. ఇసుకలోకి బోర్లా వంగి జేబు ఒలకబోసిందీ తానే. అయినా పక్కన భార్య ఉండగా తప్పు గాలికి పోదు కదా.

"నీ చేతికిచ్చినా గదా, యాడ పారేసినావు?"

"నా చేతికి సంచి ఇచ్చినారు, గొడుగిచ్చినారు, మీ చెప్పులు గూడా ఇచ్చినారు. మూత ఇయ్యలా."

జనార్దన్ ప్రొద్దుటూరు హైస్కూల్లో డ్రాయింగు అయ్యవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఉత్సాహంలో హైదరాబాదులోని ఒక సంఘం 'మన తీరం' అని ఫొటోల పోటీ పెట్టింది. కడప జిల్లాకు తీరం లేదు. కాబట్టి కడప జిల్లా నుంచి ఒకరైనా పోటీ చేసి తీరాలని అయ్యవారి పట్టుదల.

"సముద్రం ఉన్నోళ్లకు దాని అందమేం తెలుస్తాది? చూస్తే మనమే చూడాల," అన్నారు, ఒక కన్ను మూసి.

గౌరి రెండు కళ్లతోనూ చూస్తూ ఉంది. "మన పెన్నలో ఎప్పుడు జూసినా ఇసకే. నీళ్లన్నీ తెచ్చి ఈడ దాచిపెట్టుకున్యారు జూడండి."

"పక్కకు జరుగు."

జరిగింది. కాసేపటికి మళ్లీ అంది. "పెండ్లిలో ఎట్లాగూ తీయించలేదు. ఈడన్నా నన్నొకటి తీయరాదా?"

"మనిషి పడితే అది సీనరీ ఎట్లయితాది? నువ్వు రోజూ ఇంట్లోనే ఉంటావు. సముద్రం ఉంటాదా?"

ఇంత గొప్ప తర్కానికి ఎదురు చెప్పే చదువు గౌరికి లేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మూత వెతకడానికి నీళ్ల అంచుకు పోయింది. అయ్యవారు ఫిల్ము రోల్లో మిగిలిన ఒక్క ఫొటో కోసం కొంగలా కాచుకుని, పెద్ద అల లేవగానే మీట నొక్కారు. సరిగ్గా అప్పుడే ఆ అల పక్కన వంగి ఉన్న గౌరి లేచి నిలబడింది, చెయ్యి పైకెత్తి.

"దొరికింది!"

మూత దొరికింది. ఫొటో పోయింది. ప్రొద్దుటూరు చేరేదాకా బస్సులో అయ్యవారు నోరు విప్పలేదు. రెండు రోజులకు గౌరి ఒళ్లు వెచ్చగా ఉందని పులివెందులకు, పుట్టింటికి బయలుదేరితే అప్పుడూ విప్పలేదు. కళాకారుడి కోపం అంత సులువుగా చల్లారితే కళకు విలువేముంది?

స్టూడియోలో జియావుల్లా నెగటివును దీపానికి అడ్డంగా పట్టి చూశాడు.

"భలే పడినాదయ్యవారూ! అమ్మ నవ్వుతాంది చూడండి."

"అదే ఈడ మచ్చ. తీసెయ్."

"కత్తితో గీకాల. గీకితే మళ్లా రాదు. ఒకసారి ఆలోచన చేయండి."

"మళ్లా రావాలని ఎవరడిగినారప్పా నిన్ను?"

ఆ ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. తీర్పు చెప్పిన కోస్తా పెద్దలు, సీమ మాట మొరటైనా సీమ కన్ను మాత్రం సున్నితమని ఒప్పుకున్నారు. 'మనిషి జాడ లేని తీరం! ఎంతటి ప్రశాంతత!' అని ప్రశంసాపత్రంలో రాశారు. హెడ్‌మాస్టరు దాన్ని ప్రార్థన వేళ రెండుసార్లు చదివించారు.

వారం తిరగకముందే అయ్యవారు స్టూడియో మెట్లెక్కారు. జియావుల్లా ఎదురొచ్చాడు.

"రాండి రాండి, ప్రైజు అయ్యవారూ! దర్గా ఉరుసు ఫొటోలకని జమ్మలమడుగు పోయి, పొద్దన్నే దిగినా. ఆడ గూడా అందరికీ మీ సంగతే చెప్పినా."

"ఆ సముద్రం ఫొటో ఉండాది చూడు. అది పెద్దది చేయాల."

"చేస్తా. స్కూల్లో పెట్టనీకా?"

"ఇంట్లోకి. అంతా వద్దు. మూలన చెయ్యెత్తి నిలబడింది గదా, ఆ భాగం ఒక్కటే."

జియావుల్లా పకపకా నవ్వాడు. "నాకు పరీచ్చ పెడతాండారా?" అని లోపలికి పోయి నెగటివూ భూతద్దమూ తెచ్చాడు. "యాడుందో మీరే చూపియ్యండి. చెయ్యి, మొగం, కొంగు, అంతా గీకి అల మాదిరి దిద్దినా. ఆడొక మనిషి ఉండిందని కన్నతల్లి గూడా కనిపెట్టలేదు."

అయ్యవారు భూతద్దంలోంచి చూశారు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. నురుగు చాలా సహజంగా వచ్చింది.

"గీకకముందు తీసిన కాపీ ఏమన్నా..."

"యాడిది? దీపం ముందర చూసి, అప్పుడే గీకమంటిరి గదా."

"అంటి."

"దానికేం బెంగ అయ్యవారూ! అమ్మ పులివెందుల నుంచి రానీ. ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఆయమ్మ చాలు చాలనేదాకా తీస్తా."

అయ్యవారు భూతద్దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టారు.

"పులివెందులలోనే దహనం చేసినాం జియావుల్లా," అన్నారు.

పదకొండో రోజుకని ఇంట్లో గోడకు మేకు కొట్టి ఉంది. పటం కట్టించడం ఒక్కటే మిగిలింది.