రేపు క్రిస్మస్ కదమ్మా?

"రేపు క్రిస్మస్ కదమ్మా?"

సూప్ గిన్నె అందుకుంటూ ఆ కొత్త మనిషి అడిగిన ఒక్క ముక్కకి ఒదీల్ గబుక్కున చుట్టూ చూసింది.

ఆర్డెన్ అడవి అంచున ఉన్న ఆమె పూటకూళ్ల ఇంట్లో కబుర్లన్నీ ఠక్కున ఆగిపోయాయి.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం పాత నెలలు రద్దు చేసి రెండు నెలలే అయింది. డిసెంబరు లేదు, ఆదివారం లేదు, క్రిస్మస్ అసలే లేదు. ఇప్పుడు నడుస్తున్నది నివోజ్, అంటే మంచు నెల. మొన్నామధ్య ఇలాగే ఒక బాటసారి మాటల్లో పెడితే మిల్లు నడిపే బార్బ్ నోరుజారి "ఆదివారం" అంది. వాడు జేబులోంచి సర్కారు కాగితం తీశాడు. బార్బ్ మళ్లీ ఇల్లు చేరలేదు.

వీడూ ఆ బాపతే అనుకుంది ఒదీల్. మొగుడు రెమీ యుద్ధానికెళ్లి ఏడాది దాటింది, కబురు లేదు. అతనొచ్చేదాకా ఈ కొంపనీ, తన తలనీ నిలబెట్టుకోవాలి.

"క్రిస్మసేంటయ్యా? ఇవాళ నివోజ్ నాలుగు!"

"నివోజా? అది ఏ ఊరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను గొంతు తగ్గించాడు.

"ఒదీల్ అంటే నువ్వే కదమ్మా? నీతో చాటుగా ఒక మాట చెప్పాలి."

అమ్మో, పేరు కూడా కనుక్కొచ్చాడు!

"చాటు మాటలు నా దగ్గర కుదరవు. గ్రెగ్వార్! ఈ మనిషి పాత రోజులు పలుకుతున్నాడు, చూడు!"

మూలన తాగుతున్న ఊరి కాపలాదారు గ్రెగ్వార్ తుపాకీ పట్టుకుని లేచాడు.

"ఏ నెలరా ఇది?"

"డిసెంబరే కదయ్యా..."

"డిసెంబరట! కొత్త క్యాలెండర్లో రోజుకో మొక్క పేరో జంతువు పేరో ఉంది, రేపటికి కుక్క పేరు పెట్టారు. నీ పండగేరా! కాగితాలేవీ?"

"లేవు."

"అయితే సైన్యంలోంచి పారిపోయొచ్చినవాడివే. నీ వెంట ఇంకెవడున్నాడు? దొరికారా, ఇద్దరికీ తుపాకీ గుండే."

అతను ఒదీల్ వంక చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఒక్కణ్ణే వచ్చాను."

ఇప్పుడు కాగితం తీసి నవ్వుతాడు, శభాష్ అంటాడు అని ఒదీల్ ఎదురుచూసింది. తీయలేదు. చేతులు కట్టేస్తున్నా తీయలేదు.

సర్కారు మనిషి కాదని అప్పుడు తెలిసింది. "వదిలెయ్ గ్రెగ్వార్" అనాలనుకుంది. అంటే తనకేం మూడుతుందోనని ఆ మాట మింగేసి ఖాళీ గిన్నెలు ఏరసాగింది.

ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించలేదు. ఎవరు తలుపు తట్టినా ఆ చూపే గుర్తొచ్చేది.

ఒక సాయంత్రం గ్రెగ్వార్ తాగుతూ చెప్పాడు.

"నీ క్రిస్మస్ గాడు పట్నం జైల్లో జ్వరమొచ్చి పోయాడు. ఎంత కొట్టినా ఎవరికోసం వచ్చాడో చెప్పలేదట. మొండిఘటం!"

ఒదీల్ వంటింట్లోకి పోయి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. చంపింది జ్వరం కాదు, తనే.

మర్నాడు బొగ్గులు కాల్చే ముసలాయన ఆమె పెరట్లో బండి ఆపాడు.

"అడవిలో చలికి బిగుసుకుపోయి దొరికాడమ్మా. ఒళ్లు తెలియని జ్వరంలో ఉంటే ఇన్నాళ్లూ నా గుడిసెలోనే దాచాను" అంటూ గడ్డి తొలగించాడు.

రెమీ! గడ్డం పెరిగి, కాలు వాచి, ప్రాణాలతో.

ఒదీల్ అతన్ని పట్టుకుని బావురుమంది. రెమీ ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూస్తున్నాడు.

"బాస్త్యాన్ ఏడీ?"

"ఎవరు?"

"అదేంటే, మన బండి తెమ్మని నీ దగ్గరికి పంపానుగా! శత్రువుల చెరలోంచి గోడ దూకి నా కాలు విరిగితే, సరిహద్దు దాటించి ఈ అడవిదాకా నన్ను వీపు మీద మోసుకొచ్చింది వాడే!"