కుడి పక్క ఖాళీ

"ఆ చోట్లోకి ఎవడూ రాకూడదు. వచ్చాడో, నా చేతిలో అయిపోయాడే!"

హాల్వర్ ఆ మాట అని కళ్ళద్దాలు దించుకున్నాడు.

వాళ్ళది పాత మోటారు సైకిళ్ళ సంఘం. సభ్యుల్లో సగం మంది కంటే బళ్ళకే వయసెక్కువ. తమలో ఒకడు పోతే, ఏడాది తిరిగే నాటికి అతని పేరు చెప్పుకుని జంటలు జంటలుగా బారు తీరి వెళ్ళడం వాళ్ళ ఆనవాయితీ. ముందు వరసలో నాయకుడి కుడి పక్క చోటు ఖాళీగా వదిలేస్తారు. అది పోయినవాడిది. గాలికి తప్ప ఇంకెవరికీ అందులో హక్కు లేదు.

ఈసారి పోయినవాడు హాల్వర్ తమ్ముడు లీఫ్.

కిందటి అక్టోబరులో పశువుల కొట్టం కప్పు బాగుచేస్తూ జారి పడ్డాడు. తలకి దెబ్బ తగిలింది. వాళ్ళమ్మ పేరు ఇంగ. ఇక లేవడని డాక్టర్లు చెప్పగానే ఆవిడ ఊపిరి మిషన్లు తీసెయ్యమంది. ఇంకొక్క రోజు చూద్దామని హాల్వర్ కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఆవిడ వినలేదు.

ఆ రోజు నుంచి తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు.

తమ్ముణ్ణి ఎలాగూ కాపాడుకోలేకపోయాడు. వాడి చోటునైనా కాపాడాలని అతని పంతం.

తెల్లవారాక బయల్దేరారు. మిసిసిపీ ఒడ్డు రోడ్డంతా పొగమంచు. పక్కన కొండలున్నాయో లేవో కూడా తెలియడం లేదు.

కొంత దూరం పోయాక వెనక నుంచి ఇంకో ఇంజను చప్పుడు దగ్గర పడింది.

సంతలో ఎంత గోలగా ఉన్నా తల్లికి తన బిడ్డ ఏడుపు తెలుస్తుంది. పాత బళ్ళవాళ్ళకి ఇంజను గొంతు అలాగే తెలుస్తుంది.

అది లీఫ్ బండి.

ఏడాదిగా తల్లి షెడ్డులో తాళం వేసి ఉన్న బండి. సొంత అన్ననే ముట్టుకోనివ్వని బండి.

అది వరసలన్నీ దాటుకుని వచ్చి, అందరికీ ముందు నడుస్తున్న హాల్వర్ కుడి పక్క ఖాళీలో చేరింది.

నలభై ఏడు నాటి తయారీ. నీటిబొట్టులా నిండుగా ఉన్న టాంకు, తోలు సీటు కింద స్ప్రింగులు, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టు వంగిన మడ్‌గార్డు. దాని పక్కన ఈనాటి బళ్ళు రేకు డబ్బాలు. చూడ్డానికి ఎంత అందమో, లొంగడంలో అంత మొండి. కాలితో క్లచ్చి, చేత్తో గేరు. కొత్తవాడు ఎక్కితే పది గజాలు కూడా పోనివ్వదు.

ఎక్కినవాడు మాత్రం దానిమీదే పుట్టినట్టు నడుపుతున్నాడు.

గేరు మార్చే ముందు టాంకుని అరచేత్తో తట్టాడు. మలుపు రాకముందే ఎడమ మోచెయ్యి బయటికి పెట్టాడు.

రెండూ లీఫ్ అలవాట్లే.

హాల్వర్‌కి తల తిప్పి చూసే ధైర్యం చాలలేదు.

వంతెన దగ్గర అందరూ ఆగారు. వెనక నుంచి ముసలి డెల్బర్ట్ గొంతు వినిపించింది.

"ఒరేయ్ హాల్వర్, ఆ పక్కన ఉన్నవాడు నీక్కూడా కనిపిస్తున్నాడా, నాకొక్కడికేనా?"

వచ్చినవాడు కళ్ళద్దాలు తీశాడు. లీఫ్ కాదు. ఎవరో సన్నటి మనిషి, పాలిపోయిన మొహం, ఉన్ని స్వెట్టరు. బళ్ళవాడిలా లేడు, బళ్ళో పంతులులా ఉన్నాడు.

హాల్వర్‌కి భయం పోయి కోపం ముంచుకొచ్చింది.

"దిగు!"

దిగాడు.

"ఎక్కడ ఎత్తుకొచ్చావీ బండి?"

"మీ అమ్మగారే ఇచ్చారండి. కారులో వస్తున్నారు, మంచులో వెనకబడ్డారు."

"నన్నే ముట్టుకోనివ్వని మనిషి నీకిచ్చిందా? ఎవడికి చెబుతావు కథలు!"

"ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావయ్యా దీన్ని?" అన్నాడు డెల్బర్ట్.

"పోయిన చలికాలం దాకా మోటారు సైకిలంటేనే నాకు భయమండి. ఈ బండెక్కింది నిన్ననే. ఎలా వచ్చేసిందో నాకూ తెలీదు."

ఒకరిద్దరు వెనక్కి జరిగారు.

"నువ్వొచ్చి దూరిన చోటు ఎవరిదో తెలుసా?" హాల్వర్ మీదమీదకి వెళ్ళాడు.

"తెలుసండి. అందుకే రమ్మన్నారు."

హాల్వర్ రెండు చేతులతో అతని ఛాతీ మీద తోశాడు.

అతను తూలి నిలదొక్కుకున్నాడు. ఛాతీకి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టాలంటే మొహం మీద కొట్టండి. ఇక్కడ మాత్రం వద్దు."

"పిరికి సన్నాసీ! ఫో ఇక్కణ్ణించి!"

అతను బండిని ఒకసారి చూసి, మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. ఎక్కడో లారీ ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు వినిపించాయి.

అప్పుడొచ్చింది తల్లి ఇంగ కారు. ఆవిడ దిగీ దిగగానే చుట్టూ చూసింది.

"అతనేడిరా?"

ఏడాది తర్వాత కొడుకుతో ఆవిడ అన్న మొదటి మాట అదే.

"ఆ దొంగ వెధవా? తరిమేశాను."

"తరిమేశావా! రేపే దేశం ఆ చివరికి వెళ్ళిపోతున్నాడురా. ఒక్కసారి నీకు చూపించాలనే బతిమాలి తీసుకొచ్చాను. ముందే చెబితే ఒప్పుకోవని చెప్పలేదు."

"నాకెందుకు వాడు?"

ఇంగ కారుకి ఆనుకుని నిలబడింది.

"ఆ రోజు నువ్వన్నట్టు ఇంకొక్క రోజు ఆగితే అదీ దక్కేది కాదురా నాన్నా. నువ్వు తరిమేసిన ఆ మనిషిలో కొట్టుకుంటున్నది మన లీఫ్ గుండె."