కాళ్లు చూసి మాట్లాడే మనిషి

“పదకొండు,” అన్నాడు బెంచీ మీద కూర్చున్న మనిషి.

టీ వడగడుతున్న జిలానీ బాషా తలెత్తాడు. “ఏటి పదకొండు?”

“నానొచ్చిన కాడి నుంచి నువ్వు రుచి సూసిన టీలు, భాయ్.”

పక్కనున్న ఆటోవాళ్లు పగలబడి నవ్వారు. జిలానీకి ఒళ్లు మండింది.

వన్ టౌన్‌లో జిలానీ టీకి పేరుంది. గిన్నె దించిన ప్రతిసారీ చిన్న గ్లాసులో రెండు గుక్కలు పోసుకుంటాడు. తీపి సరిపోయిందని నాలుక ఒప్పుకుంటేనే జనానికి పోస్తాడు. ఇరవై ఏళ్ల అలవాటు. దాన్ని టీ తాగడం అని అతను ఏనాడూ అనుకోలేదు.

షుగరొచ్చి ఆరేళ్లయింది. ఇంట్లో భార్య ఆమినాబీ కాపలా గట్టిది. అన్నం కప్పుతో కొలిచి పెట్టేది. రాత్రికి జొన్నరొట్టె, కాకరకాయ. పండగనాడు షీర్‌ఖుర్మా పాయసం గిన్నెను అతని కంట పడకుండా పొరుగింట్లో దాచేది. పొద్దున్నే నమాజయ్యాక అరగంట నడిపించేది. తన మోకాళ్లు పీకుతున్నా తోడు నడిచేది.

ఇంతా చేసి వేలు పొడిచి చూస్తే మిషన్‌లో అంకె దిగేది కాదు.

“నాను తీపి ముట్టుకుని ఎన్నాళ్లయింది? ఈ మిషనే తేడా,” అనేవాడు జిలానీ.

ఆ పిచ్చితల్లి నమ్మి కొత్త మిషన్ కొంది. అంకె మారలేదు.

బెంచీ మనిషి రెండు నెలలుగా వస్తున్నాడు. పంచదార లేని టీ అడుగుతాడు. జిలానీ షుగరు గోల, ఇంట్లో ఆమినాబీ కాపలా కబుర్లు ఆ బెంచీ మీదే విన్నాడు. పేరేమిటని ఎవరూ అడగలేదు. అందరూ మొహం చూసి మాట్లాడతారు, ఇతను కాళ్లు చూసి మాట్లాడతాడు. చెప్పుల కొట్టు పెట్టే ఆలోచనేమోనని ఆటోవాళ్లు వేళాకోళం చేసేవారు.

ఆ పూట గిన్నె దించుతుంటే మరుగుతున్న టీ తొణికి జిలానీ ఎడం పాదం మీద పడింది. జిలానీ ఏమీ ఎరగనట్టు గ్లాసులు కడుక్కుంటున్నాడు.

బెంచీ మనిషి చటుక్కున లేచాడు. “భాయ్, కాలు సూసుకో! కాలిపోయింది.”

“ఏటీ అవలేదులే.”

“అదే నా బయం. నొప్పి తెలీలేదంటే కాల్లో స్పర్శ పోయినట్టే. ఇయ్యాలే డాక్టరుకి సూపించు. ఆ రుచి సూడ్డం మానీ. పంచదార విడిగా పెట్టు, కావాల్సినోళ్లు కలుపుకుంటారు.”

“టీ తాగడానికొచ్చావా, తనిఖీకొచ్చావా?”

సరిగ్గా అప్పుడే ఆమినాబీ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆ మనిషి ఆమె వైపు తిరిగాడు.

“అమ్మా, ఇంట్లో మీరెంత కట్టుదిట్టం సేసినా ఏటి లాభం? ఇక్కడ రోజుకి యాభైసార్లు తీపి లోపలికెల్తంది.”

ఆమినాబీ మొగుడి మొహంలోకి చూసింది. జిలానీ చూపు తిప్పుకున్నాడు. పెళ్లాం ముందు పరువు పోయిందన్న ఉక్రోషంతో ఆ మనిషి చేతిలో గ్లాసు లాక్కుని, సగం టీ మురిక్కాలవలో పారబోశాడు.

“దరిద్రపు మొహం! నీ నోట్లోంచి ఒక మంచి మాట రాదేటి? మళ్లీ ఈ కొట్టు కాడికొచ్చావంటే కాళ్లిరగ్గొడతాను.”

ఆ మనిషి ఆమినాబీ కేసి చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలన్నట్టు నిలబడ్డాడు.

“రుచి సూడకపోతే యాపారం ఎలాగ బాబూ?” అంది ఆమినాబీ. నలుగురిలో మొగుణ్ణి తక్కువ చెయ్యడం ఆమెకు చేతకాలేదు.

అతను తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బొబ్బ లేచింది, పగిలింది. జిలానీ పసుపు అద్ది గుడ్డ చుట్టాడు. నొప్పి లేదు కదా అని పొద్దుట్నుంచి కొట్టు కట్టేదాకా ఆ కాలి మీదే నిలబడ్డాడు. రుచి చూస్తూనే ఉన్నాడు. నెలన్నర తర్వాత, వాసనొస్తోందని ఆమినాబీ పోట్లాడి గుడ్డ విప్పించేసరికి రెండు వేళ్లు బొగ్గులా నల్లబడ్డాయి. ఆసుపత్రిలో చేరేసరికి ఆ నలుపు మడమ దాకా పాకింది.

“మోకాలి కింద దాకా తీసెయ్యాలి. నెల ముందొచ్చుంటే కాలు దక్కేది,” అన్నారు డాక్టరు.

ఆపరేషన్ నాడు స్ట్రెచర్ వెంట ఆమినాబీ తెల్లగుడ్డ పట్టుకుని నడిచింది. తీసేసిన కాలినైనా గుడ్డలో చుట్టి మట్టిలో పెట్టాలి, అది వాళ్ల ఆచారం. ఆమె తమ్ముడు ముజీబ్ అప్పటికే గుంట తవ్వించడానికి కబరస్తాన్‌కి వెళ్లాడు.

థియేటర్ తలుపు దగ్గర ఆకుపచ్చ బట్టల్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జిలానీ గుర్తుపట్టాడు. బెంచీ మనిషే!

జిలానీ గుండెల్లో ఆశ ఉప్పొంగింది. ఇంతకీ ఈయన డాక్టరన్నమాట! రెండు చేతులూ చాచి ఆ మనిషి చెయ్యి పట్టేసుకున్నాడు.

“డాక్టరు గారూ, ఆ రోజు తప్పయిపోయింది. ఇకనించి మీరు సెప్పినట్టే ఇంటాను. కొట్టు మూసీమంటే మూసీత్తాను. లోపలోళ్లకి ఒక్క మాట సెప్పండి బాబూ. ఈ కాలు ఉంచీమనండి!”

ఆ మనిషి చెయ్యి విడిపించుకోలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నాను డాక్టర్ని కాదు భాయ్,” అన్నాడు.

“మరి?”

అతను జిలానీ కాలి వైపు చూశాడు.

ఆమినాబీ తెల్లగుడ్డ ముందుకు చాపి, ఇది ఎవరికివ్వాలని నర్సుని అడిగింది.

“ఆ కొండలరావుకే ఇవ్వమ్మా,” అంది నర్సు హడావిడిగా తలుపు తోస్తూ, “ఇరవై రెండేళ్లుగా లోపల కోసేసిన కాళ్లని మూటగట్టి ఇంటివాళ్ల చేతుల్లో పెట్టేది ఆయనే.”